చెల్లికి సరిపడే చిన్న సైకిలు ఫ్రేము: గేట్లు, గ్రిల్స్ చేసే షాపులో కుదురుతుందా?

గ్రిల్స్‌షాపు (పాలకొల్లు దగ్గర):

నమస్తే అండి. మాకు చిన్న వెల్డింగ్ షాపు ఉంది. గేట్లు, కిటికీ గ్రిల్స్, రొయ్యల చెరువుల్లో ఏరేటర్లకి స్టాండ్లు, ఇదే పని. పదకొండేళ్ళుగా ఆర్క్ వెల్డింగ్ చేస్తున్నాను, మధ్యలో సీఓటూ మిషను కూడా తీసుకున్నాను, కాబట్టి వెల్డింగ్ రాదని మాత్రం అనకండి.

విషయం ఏంటంటే మా చెల్లి ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు. కాలువ గట్టు మీద రానూపోనూ రోజుకి 18 కిలోమీటర్లు సైకిలు తొక్కుకుంటూ ఉద్యోగానికి వెళ్తుంది. స్కూటీ కొనిస్తానంటే వద్దంది, షుగరు బోర్డర్‌లో ఉందని డాక్టరుగారు చెప్పిన దగ్గర్నుంచి సైకిలు వదలడం లేదు. మామూలు లేడీస్ సైకిలు బరువు ఎక్కువ, వంతెన ఎక్కేసరికి ఆయాసం. సరే అని గేరు సైకిలు కొన్నాం, షాపులో అన్నిటికన్నా చిన్న సైజు అదే అన్నారు. దానికి సీటు పూర్తిగా దించినా మునివేళ్ళే నేలకి ఆనతాయి, పైగా హ్యాండిల్ తిప్పినప్పుడు చెప్పు కొస ముందు చక్రానికి తగులుతుంది. మొన్న లాకుల దగ్గర మలుపులో అలాగే తగిలి పడింది, మోచేయి చెక్కుకుపోయింది.

నేనే ఒక ఫ్రేము చేద్దామనుకుంటున్నాను. ఏ పైపు వాడాలి, ఆర్క్‌తో అతికితే నిలుస్తుందా, జిగ్ (పైపులు కదలకుండా పట్టుకునే చట్రం) లేకుండా కుదురుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి, ఎగతాళి చేసేవాళ్ళు కూడా చెప్పండి పర్లేదు.

---

లేతుమనిషి (మండపేట):

తమ్ముడూ, పదకొండేళ్ళ సర్వీసు అన్నావు కాబట్టి తమ్ముడే అనుకుంటున్నా. ముందు ఆర్క్ సంగతి. సైకిలు పైపు గోడ మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది, నీ రాడ్డు తగలగానే చిల్లు పడుతుంది. పడకుండా చేసినా అతుకు పక్కన పైపు గట్టిపడి పెళుసవుతుంది, విరిగితే అక్కడే విరుగుతుంది. టిగ్ (ఆర్గాన్ గ్యాసుతో సన్నగా అతికే వెల్డింగ్) ఉంటే వేరే మాట, అది నేర్చుకోడానికే ఆర్నెల్లు పడుతుంది. గ్యాస్ కట్టర్ ఉంటుందిగా షాపులో, దానికే బ్రేజింగ్ టార్చి తగిలించు. పాత సైకిలు షాపులవాళ్ళు గ్యాస్ వెల్డింగ్ అని ఇత్తడి పెట్టేవాళ్ళే, అదే పని. డీఏ (అసిటిలీన్) సిలిండర్ నిలబెట్టే ఉంచు, గ్యాస్ ప్రెజర్ 15 పీఎస్ఐ దాటనివ్వకు. ఇది నీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్తున్నా.

రెండోది, పైపు కొనే ముందు సీటు గొట్టం (సీటుని పట్టుకుని ఫ్రేము పైపులోకి దిగేది) కొను. ఇది చాలామంది తలకిందులుగా చేసి నా దగ్గరికి వస్తారు, అన్నా కొంచెం లోపల కోసి పెట్టు అని. బయట కొలత 28.6 మి.మీ. పైపు (అంటే 1⅛ ఇంచి) గోడ 0.9 అయితే లోపల 26.8 వస్తుంది, 27.2 సీటు గొట్టం చచ్చినా దిగదు. అదే పైపు 16 గేజి, అంటే 1.6 గోడ అయితే లోపల సరిగ్గా 25.4, ఒక ఇంచి. ఈఆర్‌డబ్ల్యూ (రేకు చుట్టి అతికిన) పైపైతే లోపల అతుకు గీత ఉబ్బు ఉంటుంది, దాన్ని రీమరుతో తీయించాలి.

పెడల్ క్రాంకుల ఇరుసు కూర్చునే బీబీ షెల్లు లేతు మీద చేయించాలని చూడకు, మరలు 1.37 ఇంచి, ఇంచికి 24, కుడివైపు ఎడమ మర. చేయగలను కానీ నువ్విచ్చే డబ్బుకి చేయను. పాత ఇనుము కొట్లో తుక్కు ఫ్రేము ఒకటి కొని షెల్లూ, వెనక చక్రం కూర్చునే డ్రాపవుట్లూ కోసుకో. వాటి మీద పాత ఇత్తడి మిగిలి ఉంటుంది, మళ్ళీ ఇత్తడే పెడతావు కాబట్టి ఫరవాలేదు. దాని మీద టిగ్గో ఆర్కో కొడితే మాత్రం అతుకు పగులుతుంది.

---

గట్టురోడ్డు (అమలాపురం):

గ్రిల్స్‌షాపు గారూ, ఇప్పటికి ఐదు ఫ్రేములు చేశాను, అందులో మొదటిది విరిగింది, రెండోది వంకర, మిగతా మూడూ తిరుగుతున్నాయి. కాబట్టి నా మాట అరవై పైసల వంతు నమ్మొచ్చు.

మీరు వెల్డింగ్ గురించి అడుగుతున్నారు, అసలు సమస్య అది కాదు. మంట ముట్టించే సమయానికి ఫ్రేము మంచిదో చెడ్డదో తేలిపోయి ఉంటుంది. గ్రిల్లు చేసేటప్పుడు రెండు పైపుల మధ్య సందుంటే మనం ఏం చేస్తాం? రాడ్డుతో నింపేస్తాం, గ్రైండరు కొడతాం, పెయింటు కింద ఎవరికీ కనపడదు. సైకిలుకి ఆ అలవాటే శత్రువు. సందులో నింపిన ఇత్తడి చల్లారేటప్పుడు పైపుని తన వైపు లాగుతుంది, రెండు మిల్లీమీటర్ల సందు చివరికి హెడ్ ట్యూబుని (హ్యాండిల్ తిరిగే ముందు పైపుని) పక్కకి తిప్పేస్తుంది. అందుకని పైపు మీద పైపు కూర్చునే ఆ అర్ధచంద్రం కోత చేతికి రావాలి. కోణం, పైపుల కొలతలు ఇస్తే కోత గీతని కాగితం మీద అచ్చుతీసే ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి, ఆ కాగితం పైపుకి చుట్టి, గీత వెంట హెక్సా బ్లేడుతో కోసి, తర్వాత అరగుండు ఆకురాయి. గ్రైండరు పక్కన పెట్టండి, దాంతో ఎక్కువ పోతుంది. రెండు పైపులూ ఆనించి వెనక బల్బు పెట్టి చూడండి, వెలుతురు గీత కనపడకూడదు. నాకు మొదటి కోతకి పూట పట్టింది, ఇప్పుడు ఇరవై నిమిషాలు.

పైపు గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. మొదటి ఫ్రేముకి క్రోమోలీ కొనకండి. 4130 అంటే 0.3 శాతం కార్బన్, కొంచెం క్రోమియం, కొంచెం మాలిబ్డినం ఉన్న ఉక్కు, మైల్డ్ స్టీలు కన్నా బలం బాగా ఎక్కువ. కానీ బిగువు అంతే, ఒకే మందం పైపు రెండూ ఒకేలా వంగుతాయి. బలం ఎక్కువ కాబట్టి గోడ పల్చగా పెట్టుకోవచ్చు, లాభం అక్కడ. ఇంగ్లండులో రేనాల్డ్స్ వాళ్ళు 1897లోనే చివర్లు మందంగా, నడుమ పల్చగా ఉండే పైపుకి పేటెంటు తీసుకున్నది ఈ లెక్కతోనే, అతుకు పడే చోట మాత్రమే లోహం ఎక్కువ కావాలి. సరే, మీ చెల్లిగారి ఫ్రేములో మూడు పెద్ద పైపులూ కలిపి ఒకటిన్నర మీటరు ఉంటాయేమో. 28.6 పైపు 0.9 గోడ అయితే 920 గ్రాములు, 18 గేజి (1.2) అయితే 1220, 16 గేజి అయితే 1600. అంటే కొట్లో దొరికే 18 గేజి పైపుతో చేస్తే నష్టం 300 గ్రాములు, ఒక గ్లాసుడు మంచినీళ్ళు. దానికోసం ఖరీదైన పైపు తెప్పించి మొదటి ప్రయత్నంలో కాల్చేసుకోవడం దేనికి? గాల్వనైజ్డ్ పైపు మాత్రం ముట్టుకోకండి, జింకు పొగ పీలిస్తే రాత్రికి జ్వరం ఖాయం.

ఇక మంట. ఇత్తడి కడ్డీ 880, 900 డిగ్రీల దగ్గర పారుతుంది, ఇనుము కరిగేది 1500 దగ్గర. కాబట్టి మీరు ఇనుమును కరిగించడం లేదు, ఎర్రగా కాల్చి ఇత్తడిని దాని మీద పారిస్తున్నారు. వేడి ఎటు ఉంటే ఇత్తడి అటు పోతుంది, కడ్డీతో తోసేది కాదు, మంటతో నడిపించేది. తెల్ల పొగ వచ్చిందంటే ఇత్తడిలో జింకు కాలిపోతోంది, వేడి ఎక్కువైంది. నా మొదటి ఫ్రేములో ఇదే జరిగింది, అతుకు బాగా పట్టాలని కాల్చి కాల్చి పెట్టాను. నాలుగు నెలలకి డౌన్ ట్యూబు (హ్యాండిల్ దగ్గర్నుంచి క్రాంకుల దాకా దిగే పైపు) కింద అతుకు పక్కనే కిర్రుకిర్రుమంది, పెడల్ చప్పుడనుకుని గ్రీజు పెట్టాను. వారానికి చూస్తే వెంట్రుకంత పగులు సగం పైపు చుట్టూ తిరిగింది. ఆయ్, పడలేదు లెండి, దేవుడి దయ.

అందుకని అసలు ఫ్రేము మొదలుపెట్టే ముందు తుక్కు పైపులతో పది అతుకులు వేసి, వైసులో బిగించి సుత్తితో విరగ్గొట్టండి. పైపు వంగాలి, అతుకు ఊడకూడదు. రెండిటిని నిలువునా కోసి చూడండి, ఇత్తడి లోపలి దాకా పారిందో పైపైన కూర్చుందో తెలుస్తుంది. పదకొండేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకి ఇది చెబితే కోపం వస్తుంది, నాకూ వచ్చింది.

ఇంకొకటి, ప్రతి పైపుకీ అతుకు లోపలి వైపు 3 మి.మీ. రంధ్రం ఉండాలి, రెండు వైపులా మూసుకుపోయిన పైపులో గాలి వేడెక్కి కరిగిన ఇత్తడిని మీ మొహం మీదికి ఊదుతుంది.

---

రెండోఆట (భీమవరం):

ఇనుము గోల ఎందుకు గురూ, రాజమండ్రి వెదురు ఉంది, మన కోనసీమ కొబ్బరిపీచు ఉంది, వెదురు ఫ్రేము చేసి పీచుతో కట్టెయ్, వీడియోల్లో చూశా. బరువూ తక్కువ, తుప్పూ పట్టదు 😀

---

పెద్దాయన (కాకినాడ):

బాబూ రెండోఆట, నవ్వులకి అన్నా అందులో నిజం ఉంది, వెదురు ఫ్రేములు చేస్తున్నారు. కానీ ఆ అతుకులు కట్టేది కొబ్బరిపీచుతో కాదు, ఎపాక్సీలో తడిపిన జనపనార, అవిసె నార, లేదా కార్బన్ ఫైబరు. కొబ్బరిపీచు సాగుతుంది, చాపకీ తాడుకీ అది మంచి గుణం, సైకిలు అతుకుకి కాదు. వెదురు కూడా నెలల తరబడి ఆరాలి, లేకపోతే చీలుతుంది, మన గాలిలో తేమకి ఆరబెట్టడమే పెద్ద పని.

గ్రిల్స్‌షాపు బాబూ, ఫ్రేము గురించి పైవాళ్ళు బాగానే చెప్పారు, నేను చక్రం గురించి చెబుతా, ఎందుకంటే మీ చెల్లి పడింది ఫ్రేము వల్ల కాదు, చక్రం వల్ల. అది 700సీ చక్రమై ఉంటుంది. రిమ్ము 622 మి.మీ., టైరుతో కలిపి వ్యాసార్థం 340 దాకా. దానికి 170 క్రాంకు, పెడల్ ఇరుసు నుంచి చెప్పు కొస దాకా ఇంకో 100 కలపండి, 610. అంటే బీబీ ఇరుసుకీ ముందు చక్రం ఇరుసుకీ మధ్య కనీసం 610 మి.మీ. ఉంటేగానీ కాలు తగలకుండా ఉండదు. చిన్న మనిషికి అంత దూరం పెడితే చేతులు హ్యాండిల్‌కి అందవు. అందుకని కంపెనీలవాళ్ళు హెడ్ కోణం పడుకోబెడతారు, అప్పుడు హ్యాండిల్ బరువుగా ఒక పక్కకి వాలిపోతుంది. చిన్న చక్రం వేస్తే ఈ తగాదా లేదు. 26 ఇంచి, 1.75 టైరు అయితే వ్యాసార్థం 323, క్రాంకు 160 పెడితే మొత్తం 583. ఒక్క ఇంచి మిగిలింది, చిన్న ఫ్రేములో ఇంచి అంటే చాలా ఎక్కువ.

కానీ 26 ఇంచి అని అడిగితే కొట్టువాడు ఏదిస్తాడో చూసుకోండి. 26 × 1.75 అన్నదానికి రిమ్ము 559. లేడీస్ సైకిలు 26 × 1⅜ కి 590. 26 × 1½ అని ఇంకోటి ఉంది, దానికి 584. మూడూ 26 ఇంచే, ఒకదాని టైరు ఒకదానికి పట్టదు. మా చిన్నప్పటి పెద్ద సైకిలు 28 × 1½ కి 635, 700సీ కన్నా పెద్దది. టైరు మీద అచ్చువేసిన మూడంకెల లెక్క చూసి కొనండి. 559 అయితే మీ ఊళ్ళోనే ట్యూబు దొరుకుతుంది, రేపు పంక్చరైతే అమ్మాయి ఇబ్బంది పడదు.

కోణాలు: హెడ్ 71, సీటు 74 పెట్టండి. ఫోర్కు మీరు చేయొద్దు, కొనండి, ఫ్రేము పగిలితే చప్పుడు చేసి చెబుతుంది, ఫోర్కు విరిగితే చెప్పదు. వంపు 45 ఉన్న ఫోర్కు అయితే 71 కోణానికి ట్రెయిల్ (హ్యాండిల్ తిరిగే గీత నేలని తాకే చోటుకీ టైరు ఆనే చోటుకీ మధ్య దూరం) 64 మి.మీ. వస్తుంది, గట్టు మీద ఎదురుగాలికి కూడా నిలకడగా పోతుంది. సీటు ఎత్తుకి, గోడకి ఆనుకుని నిలబడమని తొడల మధ్య నుంచి నేల దాకా కొలిచి 0.883 తో హెచ్చించండి. 68 సెంటీమీటర్లు వస్తే సీటు పైభాగం బీబీ ఇరుసు నుంచి 60 సెంటీమీటర్లు.

మరో మాట. వెండి కడ్డీతో కూడా చేయొచ్చు, 650 డిగ్రీల దగ్గరే పారుతుంది, పైపుకి హాయి. ఏసీ మెకానిక్కులు వాడేది తెచ్చుకుందామనిపిస్తుంది, కానీ అది ఎక్కువగా ఫాస్ఫరస్ కలిసిన రాగి కడ్డీ, ఇనుము మీద అతుకు పెళుసవుతుంది. వెండి కడ్డీల్లో కాడ్మియం కలిసినవి కూడా ఉంటాయి, ఆ పొగ ప్రాణాంతకం. ప్యాకెట్టు మీద కాడ్మియం లేదని రాసి ఉంటేనే కొనండి.

---

గ్రిల్స్‌షాపు (పాలకొల్లు దగ్గర):

అందరికీ థాంక్స్ అండి. నెల తర్వాత రాస్తున్నాను, సంక్రాంతి గేట్ల పని మధ్యలో వచ్చింది.

గట్టురోడ్డు గారూ, మీరన్నట్టే కోపం వచ్చింది, తర్వాత పది అతుకులు వేశాను, మొదటి నాలుగూ సుత్తి దెబ్బకి బిస్కెట్టులా ఊడాయి. సిగ్గేసింది. ఫ్లక్సు (అతికేటప్పుడు పూసే మందు) తక్కువైందో, పైపు మీద నల్ల పొర సరిగ్గా గీకలేదో. ఎమరీతో తళతళలాడేదాకా రుద్దాక ఏడోదానికి పైపు వంగింది, అతుకు కదల్లేదు. షాపులో కుర్రాడు చప్పట్లు కొట్టాడు.

పెద్దాయన గారి కొలతలతోనే 1:1 బొమ్మ ప్లైవుడ్ మీద గీశాను. చెల్లి కాలి కొలత 67 సెంటీమీటర్లు, కాబట్టి సీటు 59. ముందు త్రిభుజం అయిపోయింది, వెనక పైపులు టాకాలు వేసి ఆపాను, ఎందుకంటే చక్రం పెడితే ఒక వైపుకి ఉందనిపిస్తోంది. చక్రమే వంకరో ఫ్రేమే వంకరో ఎలా తెలుస్తుంది? దానికి పెద్ద ప్లేటు కావాలంటారు, నా దగ్గర లేదు.

---

గట్టురోడ్డు (అమలాపురం):

టాకాల దగ్గర ఆపారు చూశారా, సగం గెలిచారు. ప్లేటు అక్కర్లేదండి. చక్రం ఎడమా కుడీ మార్చి పెట్టండి. రెండుసార్లూ ఒకే వైపుకి వస్తే ఫ్రేము తప్పు, వైపు మారితే చక్రం తప్పు, స్పోకులు బిగించి బెండు తీయించుకోవడమే. తర్వాత దారం. ఎడమ డ్రాపవుటుకి దారం కట్టి, ముందుకి తీసుకెళ్ళి హెడ్ ట్యూబు చుట్టూ తిప్పి, కుడి డ్రాపవుటుకి బిగువుగా కట్టండి. సీటు పైపుకీ దారానికీ మధ్య దూరం రెండు పక్కలా కొలవండి. సమానంగా ఉంటే మంచిది, ఒక మిల్లీమీటరు తేడా నేనైతే వదిలేస్తా, మూడైతే టాకా కోసి మళ్ళీ పెడతా. డ్రాపవుట్ల మధ్య 135 మి.మీ. ఉండాలి గేరు హబ్బుకి, దాని కొలతకి ఒక బోల్టుకి రెండు నట్లు బిగించి మధ్యలో పెట్టే ఉంచండి, వేడికి పైపులు దగ్గరికి లాగేస్తాయి.

ముందు త్రిభుజం చూడటానికి గ్రానైటు కొట్లో వంటగట్టు ముక్క అడగండి, మనకి సరిపడా చదునుగానే ఉంటుంది.

---

లేతుమనిషి (మండపేట):

బీబీ షెల్లు కింద ఒక రంధ్రం పెట్టు తమ్ముడూ, వానాకాలం నీళ్ళు సీటు గొట్టం పక్కనుంచి దిగి అక్కడే చేరతాయి. నరసాపురం వైపు ఉప్పుగాలి కూడాను. పని అయ్యాక పైపుల లోపల అవిసె నూనె, పెయింటువాళ్ళ దగ్గర దొరికేదే, పోసి అటూ ఇటూ తిప్పి రెండు రోజులు ఆరబెట్టు. నూనె తుడిచిన గుడ్డలు మాత్రం మూల పడెయ్యకు, వాటంతటవే రాజుకుంటాయి. నీళ్ళలో ముంచి పారెయ్.

---

గ్రిల్స్‌షాపు (పాలకొల్లు దగ్గర):

అయిపోయిందండి. చక్రానిదే తప్పు, ఫ్రేము దారం లెక్కకి ఒక మిల్లీమీటరు తేడాలో ఉంది. ఇత్తడి మీద ఫ్లక్సు గాజులా గట్టిపడింది, తీయడానికే ఒక ఆదివారం పోయింది. ఫ్రేము ఒక్కటే 2 కిలోల 900, నాకైతే గర్వంగానే ఉంది.

రంగు వేయకుండానే చెల్లి నిన్న తీసుకుపోయింది. లాకుల దాకా వెళ్ళి, అక్కడ కావాలనే హ్యాండిల్ తిప్పి చూసిందట, కాలు తగల్లేదు. చించినాడ వంతెన కూడా దిగకుండా ఎక్కేశానంది, అది నేను చూడలేదు కాబట్టి నమ్మడమే. తిరిగొచ్చి దిగగానే అడిగిన మొదటి మాట, అన్నయ్యా క్యారేజీ ఎక్కడ బిగిస్తావు, మడ్‌గార్డు ఎక్కడ బిగిస్తావు అని. వాటికి బోల్టు బాసులు (బోల్టు ఎక్కే మర గొట్టాలు) పెట్టడం పూర్తిగా మర్చిపోయాను. రేపు పౌడర్ కోటింగ్‌కి పంపాలి. ఇప్పుడు మళ్ళీ మంట పెట్టొచ్చా?

---

పెద్దాయన (కాకినాడ):

రంగుకి పంపకు, ఆపు. ఎం5 బాసులు తెచ్చి వెండి కడ్డీతో పెట్టు, తక్కువ వేడి చాలు, ఇత్తడి అతుకులు కదలవు. డ్రాపవుట్ల మీద రెండు, సీటు స్టేల (సీటు దగ్గర్నుంచి వెనక చక్రానికి దిగే సన్న పైపుల) మీద రెండు, వాటిని కలిపే బ్రిడ్జి మీద ఒకటి. స్టేల మీద బాసు కూర్చునే రంధ్రం పైపుకి పక్కల్లో పెట్టు. నీళ్ళ సీసాకి కూడా రెండు పెట్టేయి, అది కూడా మర్చిపోయే ఉంటావు.

---

గ్రిల్స్‌షాపు (పాలకొల్లు దగ్గర):

మర్చిపోయానండి.